మా ఆయన ఐడీ మీద

ఆర్మూర్‌లో పసుపు కాలం వచ్చిందంటే కొన్నిచోట్ల రోడ్డు సగమే మిగులుతుంది. ఉడకబెట్టిన కొమ్ములు ఎండబోసుకోవడానికి రైతులకు చోటు చాలక, తారు అంచున పరదాలు పరిచి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. మా ఆయన బండి ముందు చక్రం అలాంటి ఒక రాయి మీదికి ఎక్కింది. మామిడిపల్లి వైపు ఎవరికో బిర్యానీ పట్టుకుని పోతున్నాడు. ఎదురుగా వచ్చిన ట్రాక్టరుకు దారి ఇవ్వబోయి పక్కకు జరిగాడు. కుడికాలు బండి కింద పడి, మోకాలి కింది ఎముక విరిగింది.

లేవలేక అక్కడే రోడ్డు మీద కూర్చుని ఆయన చేసిన మొదటి ఫోన్ నాకు కాదు, హోటల్‌కు. ఆర్డర్ ఆలస్యమవుతుందని చెప్పాడు. వాళ్లు డెలివరీ కంపెనీకి చెప్పారు. కంపెనీ ఆ ఆర్డర్‌ను ఆయన ఫోన్‌లోంచి తీసేసి ఇంకొకరికి ఇచ్చింది. తరువాత మేము బీమా సంగతి అడిగితే, పడినప్పుడు ఆయన చేతిలో ఆర్డరేమీ లేదు, డ్యూటీలో ఉన్నట్టు కాదు అన్నారు. పడ్డాకే కదా మీరు వేరేవాళ్లకు ఇచ్చింది అని ఎన్నిసార్లు చెప్పినా, ప్రతిసారీ కొత్త గొంతు మళ్లీ మొదటి నుంచి అడిగేది. చివరికి అలసిపోయి మేమే వదిలేశాం.

నిజామాబాద్ దవాఖానలో కాలికి రాడ్ వేశారు. పెర్కిట్‌లో మేముండే రెండు గదుల ఇంటికి తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాను. నేను అప్పటికి రైతుల పసుపు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణం గోదాములో పసుపు కొమ్ములు ఏరే పనికి పోతున్నాను. గట్టి కొమ్ములు ఒక పక్కకు, పుచ్చువి ఒక పక్కకు. ఆ పని పసుపు ఉన్నన్నాళ్లే ఉంటుంది. ఎండలు ముదిరేసరికి గోదాము ఖాళీ అయింది, మమ్మల్ని మళ్లీ సీజన్‌కు రమ్మన్నారు.

ఆ రోజుల్లోనే ఆయనతోపాటు డెలివరీ బండి నడిపే కుర్రాడొకడు చూడటానికి వచ్చాడు. కాలు చూసి, టీ తాగి, పోయేటప్పుడు ఒక మాట చెప్పాడు. యాప్‌లో ఆయన పేరు మీదున్న ఐడీ ఊరికే పడి ఉంటే కంపెనీ మూసేస్తుందట. కొత్త ఐడీ ఇప్పట్లో దొరకదట, ఆర్మూర్‌లో మనుషులు నిండిపోయారని ఎవరు అడిగినా వెయిటింగ్‌లో పెడుతున్నారట. అతను వెళ్లాక మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాకు స్కూటీ వచ్చు. గోదాముకు పోయి రావడానికి కొనుక్కున్న పాతది ఇంటి ముందే ఉంది. ఫోన్ వచ్చు, ఊరి గల్లీలన్నీ తెలుసు. ఆ సాయంత్రం అన్నం పెడుతూ చెప్పాను.

"నీ ఐడీ మీద నేను పోత."

ఆయన చాలాసేపు తింటూనే ఉన్నాడు. ఆడమనిషివి ఇంటింటికీ ఎట్లా తిరుగుతావని అంటాడనుకున్నాను. ఆ మాట అనలేదు.

"మొఖం ఫొటో అడుగుతది. గప్పుడేం జేస్తవ్?"

"ఇంటికొస్త. ఆర్మూర్ ఎంత పెద్దగున్నదని."

ఆ యాప్‌కు ఒక అలవాటు ఉంది. పొద్దున లాగిన్ అయ్యేటప్పుడు ఒకసారి, తరువాత ఎప్పుడు దానికి తోస్తే అప్పుడు, తెర మీద గుండ్రటి గీత వస్తుంది. ఐడీ ఎవరిదో వాళ్లు అందులో ముఖం పెట్టి కళ్లు మూసి తెరవాలి. కొద్ది నిమిషాల్లో అది జరగకపోతే పని ఆగిపోతుంది. ఒకరి ఐడీ మీద ఇంకొకరు తిరగకూడదనే ఆ ఏర్పాటు. అది మాకు తెలిసే, ఆయన ఐడీని నా ఫోన్‌లో పెట్టుకుని మొదలుపెట్టాం.

కొత్త బస్టాండు దగ్గర ఒక పంక్చర్ షాపు పక్కన, మూసి ఉన్న దుకాణం రేకుల కింద డెలివరీ వాళ్లంతా నిలబడతారు. నన్ను వదినా అని పిలిచి, ఏ హోటల్ వాడు ఎంతసేపు నిలబెడతాడో, ఏ గల్లీలో మ్యాప్ తప్పు చూపిస్తుందో చెప్పారు. వాళ్లు నాకు చెప్పలేని సంగతి ఒకటుంది. ఒంటికి వస్తే వాళ్లు గోడ వెనక్కి పోయేవాళ్లు. నేనెక్కడికి పోవాలి? ఏ హోటల్ నుంచి రోజూ పార్సిళ్లు తెస్తానో ఆ హోటల్‌లో అడిగితే, కస్టమర్లకే అన్నారు. బస్టాండులో ఉన్నదానికి పోయి వచ్చేసరికి ఆర్డర్ జారిపోయేది. అందుకని నీళ్లు తాగడం తగ్గించాను. ఆ ఎండల్లో, మే నెలలో. ఒంటికి పోతే మంట మొదలై డాక్టరమ్మ దగ్గరికి పోతే, రోజంతా నీళ్లు తాగుతూ ఉండాలమ్మా అని చెప్పింది. సరేనన్నాను.

కస్టమర్ ఫోన్‌లో మా ఆయన పేరు కనిపించేది. తలుపు తీస్తే నేను కనిపించేదాన్ని. ఒకాయన తువ్వాలు చుట్టుకుని వచ్చి, నన్ను చూసి లోపలికి పరుగెత్తి, అంగీ వేసుకుని మళ్లీ వచ్చాడు. కొందరు ఆడవాళ్లు లోపల ఉన్నవాళ్లను పిలిచి మరీ చూపించారు. చాలామంది మంచివాళ్లే. చల్లటి నీళ్లు ఇచ్చేవాళ్లు. వద్దంటే నొచ్చుకునేవాళ్లు.

ఆదివారాలు గిరాకీ ఎక్కువ. చర్చిలో ఆఖరి ప్రార్థన దగ్గర, కంపెనీ టీషర్టుతోనే వెనక వరుసలో నిలబడి వచ్చేసేదాన్ని. పాస్టరమ్మ ఏమీ అనలేదు గానీ, నా ఫోన్ మోగినప్పుడల్లా అందరి తలలూ తిరిగేవి.

ఫొటో గొడవ మొదటి వారంలోనే వచ్చింది. సిద్దులగుట్ట వైపు పోతున్నాను, బ్యాగులో వేడి వేడి కూర ఉంది. దారిలో గుండ్రటి గీత వచ్చింది. బండి తిప్పుకుని ఇంటికి వచ్చేసరికి ఆయన మందుల మత్తులో నిద్రపోతున్నాడు. లేపాను. ఎవరో ఏమిటో తెలియనట్టు చూశాడు.

"జర కండ్లు మూసి తెరువు," అన్నాను.

మూసి తెరిచాడు. ఆకుపచ్చ గుర్తు వచ్చింది. నేను మళ్లీ పరుగెత్తాను. కూర చల్లారిపోయిందని కస్టమర్ ఒక్క స్టారే ఇచ్చాడు.

అలా ఇంకోసారి కాకూడదని ఆయన ఒక ఉపాయం ఆలోచించాడు. చంకల్లో కర్రలు పెట్టుకుని, ఆటోలో బస్టాండు దాకా వచ్చి, పంక్చర్ షాపాయన ఇచ్చిన ఇనుప కుర్చీలో పొద్దంతా కూర్చునేవాడు. అడిగినప్పుడు నేను వచ్చి బండి దిగకుండానే ఫోన్ ఆయన ముఖం ముందు పెట్టేదాన్ని. ఆయన కళ్లు మూసి తెరిచేవాడు. నేను వెళ్లిపోయేదాన్ని. ఒక్కోరోజు మా మధ్య నడిచిన వ్యవహారం అంతే. తోటివాళ్లు, అన్న డ్యూటీ అయిపోయింది అని నవ్వేవాళ్లు. ఆయన కూడా నవ్వేవాడు. కొన్నాళ్లకు నవ్వడం మానేశాడు. ఎందుకు మానేశాడో నేను అడగలేదు. అడిగే తీరిక లేదని అప్పట్లో అనుకున్నాను గానీ, జవాబు వినాలంటే భయమే ఎక్కువ.

వానలు మొదలైన రోజుల్లో ఒక ఇంట్లో చదువుకున్న అబ్బాయి తలుపు తీశాడు. ఫోన్‌లో ఫొటో చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫోన్ చూశాడు. మీరెవరని మర్యాదగానే అడిగాడు. ఆయన భార్యనని చెప్పాను. అలాగా అని పార్సిల్ తీసుకున్నాడు. మరుసటి రోజు మా ఆయనకు టీమ్ లీడర్ ఫోన్ చేశాడు. ఫొటోలో ఉన్న మనిషి రాలేదని ఫిర్యాదు వచ్చిందట. ఇంకొక్కసారి వస్తే ఐడీ పోతుందట.

"అన్నా, మీరే పోవాలె. లేకుంటే నా చేతుల ఏముండది," అన్నాడు. కాలు విరిగిన సంగతి అతనికి తెలుసు.

ఆ పొద్దే మా ఆయన కర్రలు పక్కన పడేసి, చేతికర్ర ఒకటి పట్టుకుని నా వెనక స్కూటీ ఎక్కాడు. నడిపేది నేను. గేటు దగ్గర దిగి పార్సిల్ ఇచ్చి వచ్చేది ఆయన. కాలి మీద పూర్తి బరువు అప్పుడే వేయొద్దని డాక్టర్ చెప్పి ఉన్నాడు. గేటు నుంచి తలుపు దాకా నాలుగు అడుగులే కదా అని మొదలుపెడితే, అన్ని ఇళ్ల నాలుగు అడుగులూ కలిసి సాయంత్రానికి కాలు దుంగలా వాచేది. వేడినీళ్లలో గుడ్డ ముంచి కాపడం పెడుతూ, ఇక ఆపేద్దామన్నాను.

"మొఖం ఒక్కటే పంపితె సాలదన్నరు గదనే. కాలు గూడ రమ్మన్నరు," అన్నాడు. నా వైపు చూడలేదు.

ఒక మధ్యాహ్నం పసుపు వ్యాపారం చేసే ఒక కుటుంబం ఇంటికి ఆర్డర్ వచ్చింది. కింద దుకాణం, పైన ఇల్లు. మెట్లు వీధిలోంచే ఉన్నాయి, నిటారుగా. నేను పోతానన్నాను. ఫిర్యాదు గుర్తులేదా అని ఆయనే ఎక్కాడు. నేను స్కూటీ మీద వానలోనే కూర్చున్నాను. ఎంతకీ రాలేదు. ఏదైనా గొడవ అయిందేమోనని పైకి పోయి చూస్తే, సగం మెట్ల మీద, మలుపు దగ్గర పార్సిల్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పైకి పోలేకపోయాడు, కిందికీ రాలేకపోయాడు. పిలవలేదు కూడా.

ఇంతలో పై తలుపు తెరుచుకుని ఆ ఇంటి పెద్దావిడ బయటికి వచ్చింది. ఆకలేసి చూస్తున్నట్టుంది. మమ్మల్నిద్దరినీ, ఆ కాలినీ చూసి, గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగి వచ్చింది.

"గీ కాలుతోని నిన్నెవరు పంపిన్రు బిడ్డా?"

ఆయన చేతికర్ర ఆనించి లేవబోయాడు, లేవలేకపోయాడు.

"మీ సేటెవరు జెప్పు. మావోనితోని ఫోన్ జేపిస్త. గిట్లనా మనుషులతోని పని జేపిచ్చుడు?"

ఆవిడకు తెలిసిన లోకంలో పని చేసే ప్రతి మనిషికీ ఒక సేటు ఉంటాడు. నాకు తెలిసిన లోకం కూడా అదే. గోదాములో మా సేటు నోటికొచ్చినట్టు తిట్టేవాడు, కూలి దగ్గర గీసి గీసి బేరమాడేవాడు. కానీ మాతోపాటు ఏరే ఒకామె కళ్లు తిరిగి పడిపోతే, తన కారులోనే దవాఖానకు పంపాడు. పంపకపోతే మేమంతా పోయి ఆయన దుకాణం ముందు నిలబడేవాళ్లం, ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఈ పనిలో ఎవరి దుకాణం ముందు నిలబడాలి? టీమ్ లీడర్ పంపలేదు. హోటల్ వాడు పంపలేదు. ఆకలేసి అన్నం తెప్పించుకున్న ఆ పెద్దావిడ అసలే పంపలేదు. ఎవరో ఒకరి పేరు చెప్పాలని నేను మనసులో చాలా వెతికాను.

"సేటు లేడమ్మా. ఫోన్ల వస్తది, గంతే," అన్నాను.

ఆవిడకు అర్థం కాలేదు. అయినట్టు తల ఊపి, నీళ్లు తెచ్చి ఇచ్చింది. పార్సిల్ నేనే ఆవిడ చేతికిచ్చి, ఆయన చంక కింద చేయి వేసి ఒక్కొక్క మెట్టూ దింపాను.

ఆ రాత్రే జ్వరం వచ్చింది. రాడ్ వేసిన చోట చీము పట్టిందన్నారు. మళ్లీ నిజామాబాద్, మళ్లీ సెలైన్లు. తిరిగి వచ్చేసరికి మనిషి సగమయ్యాడు. బుగ్గలు లోపలికి పోయాయి, గడ్డం పెరిగింది. ఐడీ పోతుందేమోనన్న ఆరాటంతో, సరిగ్గా కోలుకోకముందే మళ్లీ నా వెనక కూర్చున్నాడు.

తిరిగి మొదలుపెట్టిన రోజు, పెర్కిట్ చౌరస్తా దాటుతుండగా గుండ్రటి గీత వచ్చింది. బండి పక్కకు ఆపాను. సన్నగా వాన పడుతోంది. ఆయన హెల్మెట్ తీసి, ముఖం తుడుచుకుని, ఫోన్‌లోకి చూసి కళ్లు మూసి తెరిచాడు. ముఖం సరిపోలలేదని వచ్చింది. ఒక దుకాణం కిందికి జరిగి మళ్లీ చేశాం. సరిపోలలేదు. నా చున్నీతో ఫోన్ అద్దం తుడిచి, వెలుతురు వైపు తిప్పి మూడోసారి పెట్టాను.

"నేనే గద," అన్నాడు ఆయన, ఫోన్‌తో. గట్టిగా కాదు. ఎదుటి మనిషికి నచ్చజెప్పినట్టు.

ఖాతా పరిశీలనలో ఉంది అని ఒక వాక్యం వచ్చి, తెర మీద ఉన్న ఆర్డర్ మాయమైంది. బ్యాగులో మాత్రం ఇడ్లీలు ఉన్నాయి. ఇల్లు మాకు తెలిసిందే కాబట్టి తీసుకెళ్లి ఇచ్చాం. ఆమె తీసుకుంది, ఆర్డర్ రద్దయిందని ఫోన్‌లో వచ్చిందే అంది. తినండమ్మా అని వచ్చేశాం.

నేను ఆయన ముఖాన్ని చూపించి తిరిగినన్ని రోజులూ అది ఒప్పుకుంది. ఆయనే స్వయంగా, తన ఐడీ మీద తాను కూర్చుని వస్తే ఒప్పుకోలేదు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాలో ఏం చేయాలో తెలియదు.

మరునాడు ఆయన మంగలి షాపుకు పోయి, ఐడీ తీసుకున్ననాటి ఫొటో చూపించి, ఇలాగే చేయమని గీయించుకున్నాడు. ఆ ఫొటోలో ఉన్న నీలం అంగీ వెతికి తీయించాడు. భుజాల దగ్గర వేలాడుతోంది. నేను వెనక నుంచి మడిచి పిన్నీసు పెట్టాను. ఫొటోలు తీసి పంపాం. ఆధార్ పంపాం. దవాఖాన కాగితాలు పంపాం. ఫోన్ ఎత్తిన అమ్మాయి ఎంతో మెత్తగా, పుస్తకంలో భాషలా మాట్లాడింది. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం సర్, అంది. మనిషి రోగంతో చిక్కిపోతే ముఖం మారదా అమ్మా అని ఆయన అడిగితే, మీ సమస్యను పై వాళ్లకు పంపించాను సర్, అంది.

టీమ్ లీడర్‌కు ఫోన్ చేస్తే తాను ఆ కంపెనీ మానేశానన్నాడు. నిజామాబాద్‌లో ఆఫీసు ఉందని అంటే బస్సెక్కి పోయాం. ఒక ఫోన్ల దుకాణం పైన బోర్డు ఉంది, గదికి తాళం ఉంది. హైదరాబాద్‌కు మార్చారని కింది దుకాణం అతను చెప్పాడు. మా ఆయన ఆ బోర్డు కింద కాసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒక్క మాట మాట్లాడాడు.

"ఎవరన్న మనిషి ఉండి, నువ్వు కాదు పో అన్నా మంచిగుండు."

ఐడీ తిరిగి రాలేదు. పరిశీలన కూడా ఎప్పుడూ ముగియలేదు. కొన్నాళ్లకు ఆ యాప్‌ను ఫోన్‌లోంచి ఆయనే తీసేశాడు. పసుపు కాలం మళ్లీ వచ్చాక, ఒక అడ్తి దుకాణంలో సంచుల మూతులు కుట్టే పని దొరికింది. కూర్చుని చేసే పని. కాలు కొంచెం ఈడుస్తూ నడుస్తాడు. వానపడితే నొప్పి ఉంటుంది గానీ చెప్పడు.

నేను ఇంకో కంపెనీలో చేరాను. కిరాణా సామాన్లు, మందులు తెచ్చి ఇచ్చేది. ఆర్మూర్‌కు కొత్తగా వచ్చింది కాబట్టి వెయిటింగ్ లేదు. ఈసారి నా పేరు, నా లైసెన్సు, నా ముఖం. ఇక్కడా అదే గుండ్రటి గీత. మొదటి రోజు ఫొటో దిగుతున్నప్పుడు ఆయన గదిలోంచి బయటికి వెళ్లిపోయాడు. ఇప్పటికీ నా ఫోన్ ముట్టుకోడు. మోగితే, నీది మోగుతుంది అని లోపలి నుంచి చెబుతాడు.

ఈ చలికాలం నుంచి నాకు ఒంట్లో బాగుండటం లేదు. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు, బుగ్గల మీద ఉబ్బు. ఊరికే అలసట. ఆర్మూర్ దవాఖానలో రక్తం తీసి చూసి, థైరాయిడ్ అన్నారు. రోజూ పరగడుపున మాత్ర వేసుకోవాలట. వేసుకోకపోతే ఉబ్బు పెరుగుతుంది, వేసుకుంటే మెల్లగా తగ్గుతుంది అన్నాడు డాక్టర్. ఎటు చూసినా ముఖం మారేదే. నా నోటి నుంచి వచ్చిన మొదటి ప్రశ్న జబ్బు గురించి కాదు.

"మొఖం ఎంత మారుతది సార్? చూస్తే గుర్తువడ్తనా?"

ఆ డాక్టరు మంచి మనిషే. చీటీ రాస్తూ నవ్వాడు.

"గీ వయసుల అందం గురించి ఫికరేందమ్మా?"

పక్కనున్న నర్సు కూడా నవ్వింది. చీటీ తీసుకుని మందుల దుకాణానికి పోతుంటే బయట వరండాలోనే ఫోన్ మోగింది. ఆర్డర్. పక్కకు నిలబడి, గుండ్రటి గీతలో ముఖం పెట్టాను. అది కాసేపు తిరుగుతూ ఉంది. నేను కళ్లు మూసి తెరిచాను.